చెప్పుకోలేక ఏడాదిన్నర ఆగాను

38 ఏళ్లు వచ్చేదాకా నాకు ఏ ఇబ్బందీ లేదు. అంగం ముందరి చర్మం మామూలుగానే వెనక్కి వచ్చేది. ఆ తర్వాత మెల్లగా బిగుసుకోవడం మొదలైంది. అంచున సన్నని చీలికలు, మూత్రానికి వెళ్తే మంట. మానేది, మళ్లీ చీలేది. మానిన ప్రతిసారీ ఇంకాస్త బిగిసేది. కూకట్‌పల్లిలో మెడికల్ షాపువాళ్లిచ్చిన ఫంగస్ ఆయింట్‌మెంట్ పూసుకుంటూ ఏడాదిన్నర నెట్టుకొచ్చాను. నేను దూరంగా ఉండటాన్ని నా భార్య ఇంకోలా అర్థం చేసుకుంది. ఒక రాత్రి "నామీద ఏమైనా కోపమా అండీ?" అని అడిగింది. అప్పుడు చెప్పేశాను. "దీన్నా ఇన్నాళ్లు దాచుకున్నారు? రేపే డాక్టర్ దగ్గరికి వెళ్దాం పదండి" అంది.

ఫోన్లో ప్రకటన చూసి వెళ్లిన మొదటి చోట, ఏ డాక్టరూ నన్ను చూడకముందే ఒకతను కూర్చోబెట్టి లేజర్ సున్తీ, ప్యాకేజీ, ఇవాళే అయితే తగ్గింపు అంటూ మొదలుపెట్టాడు. లేచి వచ్చేశాను. లేజర్ అని రాసినచోట చాలాసార్లు వాడేది స్టేప్లర్ పరికరమేనని తర్వాత తెలిసింది.

పంజాగుట్టలో చూపించుకున్న యూరాలజిస్ట్ పరీక్ష చేసి, మొట్టమొదట అడిగింది: "మీ ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా?" అమ్మకు ఉంది. నాకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) రాశారు. 9.2 వచ్చింది, అంటే నాకూ షుగరే! మూత్రంలో షుగర్ పోతుంటే చర్మం కింద ఫంగస్ పెరుగుతుంది, వాచి చీలుతుంది, మానేటప్పుడు మచ్చ కట్టి బిగుస్తుంది. పెద్దయ్యాక కొత్తగా ఇలా వస్తే షుగర్ చూడకుండా వదలకూడదన్నారు. షుగర్ డాక్టరుకు కూడా ఈ సంగతి చెప్పమన్నారు. ఎందుకంటే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ను మూత్రంలోకే పంపిస్తాయి, నాలాంటివాళ్లకు ఫంగస్ తిరగబెట్టొచ్చు.

ఆపరేషన్ మాట వెంటనే ఎత్తలేదు. బీటామెథాసోన్ 0.05 శాతం క్రీమ్ రోజుకు రెండుసార్లు, బిగుసుకున్న అంచుమీదే, ఆరు వారాలు. వేడినీళ్ల స్నానం తర్వాత చర్మాన్ని నొప్పి పుట్టనంతవరకే వెనక్కి లాగాలి, వెంటనే ముందుకు తెచ్చేయాలి. వెనకాలే ఇరుక్కుని వాచిపోతే తెల్లవారేదాకా ఆగొద్దని, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లమని గట్టిగా చెప్పారు. చాలామందికి క్రీముతోనే సరిపోతుందట. నాకు సగమే తగ్గింది. తెల్లగా గట్టిపడిన వలయం అలాగే ఉండిపోయింది.

చర్మం తీయకుండా, బిగుతు దగ్గర నిలువునా కోసి అడ్డంగా కుట్టే పద్ధతి ఉందా అని అడిగాను. ఉంది కానీ, ఈ తెల్లమచ్చ లైకెన్ స్క్లెరోసస్ (చర్మం తెల్లబడి గట్టిపడే జబ్బు) కావచ్చు, అలాంటప్పుడు పూర్తిగా తీసేయడమే మేలన్నారు. ఒప్పుకున్నాను. షుగర్ 7.1కి దిగేదాకా ఆగి, అప్పుడు చేశారు.

మొదట్లో మత్తు సూదులే కాస్త బాధపెట్టాయి. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. అసలు కష్టం రాత్రుళ్లు. నిద్రలో అంగం గట్టిపడితే కుట్లు లాగి మెలకువ వచ్చేసేది. లేచి మూత్రానికి వెళ్లి, హాల్లో నాలుగడుగులు వేస్తే తగ్గేది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేవాణ్ని కాదు. వారం రోజులు వదులు లుంగీలోనే ఉన్నాను. మూడో వారానికల్లా కుట్లు వాటంతటవే రాలిపోయాయి. బట్ట తగిలితే జివ్వుమనడం నెలకు తగ్గింది. ఆరు వారాలు భార్యతో కలవొద్దన్నారు, కలవలేదు.

తీసిన చర్మాన్ని బయాప్సీకి పంపారు. లైకెన్ స్క్లెరోససే, క్యాన్సర్ లేదని వచ్చింది. మూత్రం ధార సన్నబడితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ప్రైవేటులో చూపించుకోలేనివాళ్లకు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి.

మొన్న తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడికీ 35 దాటాయి, ఇంతవరకూ షుగర్ చూపించుకోలేదు. "నువ్వూ వస్తావా అన్నా?" అన్నాడు. శనివారం పొద్దున్నే పరగడుపున ఇద్దరం కలిసి రక్తం ఇచ్చి రావడానికి వెళ్తున్నాం.