పత్మాసు గుహలో అమ్మ చదివిన అధ్యాయం

సామోస్ రేవులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. గాలి ఎక్కువగా ఉంది, పత్మాసుకి ఇవాళ పడవ లేదు, రేపు చూద్దాం అన్నారు. నడి వేసవిలో ఏజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి ఒక్కోసారి రోజుల తరబడి ఇలాగే కొడుతుందట, అక్కడివాళ్ళు దాన్ని మెల్టెమి అంటారు. ఆ సంగతి టూరు డబ్బులు కట్టించుకున్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. పడవ తప్పితే ఆ రాత్రి హోటల్ ఖర్చు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలని కూడా చెప్పలేదు. లెక్క యూరోల్లో చెబుతుంటే అమ్మ మనసులో రూపాయల్లోకి మార్చుకుని, "పోనీలే నాన్నా, ఇక్కడే ఈ బెంచీ మీదే పడుకుందాం" అంది.

ఏడు సంఘాల టూరు మీలో చాలామందికి తెలిసిందే. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథంలో యోహాను ఉత్తరాలు రాసిన ఏడు సంఘాల ఊళ్ళు, ఆయన ఆ దర్శనం చూశాడని చెప్పే పత్మాసు ద్వీపంలోని గుహ, ఇవీ చూపిస్తారు. ఇస్తాంబుల్‌లో దిగి, ఇజ్మీర్ చుట్టూ బస్సులో తిరిగి, కుషాదాసి దగ్గర పడవెక్కి సామోస్, అక్కణ్ణుంచి పత్మాసు. ఎన్నో ఏళ్ళు కూడబెట్టుకున్న పెన్షన్ డబ్బుతో వచ్చింది అమ్మ. నేను ఆమె సంచి మోయడానికి వచ్చాను, అంతే. అప్పటికి నేను ఆరాధనకు వెళ్ళడం మానేసి ఏడాదిన్నర. మా సంఘం రెండుగా చీలిపోయింది, కానుకల లెక్కల దగ్గర మొదలైన మాట కోర్టు దాకా వెళ్ళింది, ఒక ఆదివారం వెళ్తే గుడికి తాళం వేసి ఉంది. నాకు బాప్తిస్మం ఇచ్చిన చేతులే ఆ తాళం వేశాయి. ఇది రాస్తున్న రోజుకి కూడా ఆ కేసు తేలలేదు.

అంచేత టర్కీలో ఆ శిథిలాలన్నీ నాకు ఒకే మాట చెబుతున్నట్టు అనిపించింది. సార్దీస్‌లో విరిగిన స్తంభాలు, పెర్గములో గాలి, ఎఫెసులో జనం, ఎండ. మిగతా రోజులు పెద్దగా గుర్తు లేవు. లవొదికయలో మాత్రం రాతి గొట్టాలు చూసి ఆగిపోయాను. ఊళ్ళోకి నీళ్ళు తెచ్చిన గొట్టాలవి, లోపల సున్నం పేరుకుని, పేరుకుని, సందు సన్నబడిపోయింది. అవతల కొండ మీద హియెరాపొలిలో వేడి నీటి బుగ్గలున్నాయి, ఆ తెల్లటి కొండ ఇక్కడికి కనబడుతుంది. కొలొస్సయి వైపు చల్లటి నీళ్ళు. ఈ ఊరికి మాత్రం వేడీ కాదు, చల్లనా కాదు. ప్రకటనలో ఈ ఊరి సంఘానికి పడ్డ గద్దింపు కూడా అదే, నులివెచ్చగా ఉన్నావని. అమ్మ ఆ గొట్టంలో వేలు పెట్టి చూసి ఏమీ అనలేదు. నేను మాత్రం మనసులో అనుకున్నాను: మొదటి తరంలోనే సంఘాలు ఇలా ఉంటే ఇక దేన్ని నమ్ముకుని నేను తిరిగి వెళ్ళాలి?

సామోస్ రేవులో ఆ సాయంత్రం ఈ సందేహం ఇంకా బిగుసుకుంది. మా గుంపులో ఇద్దరు సంఘ పెద్దలున్నారు. గుహ దగ్గర ప్రార్థన ఎవరు నడిపించాలన్న దగ్గర వాళ్ళకు మాట తేడా వచ్చింది. ముందు నవ్వుతూనే, తర్వాత వయసుల లెక్క, ఎవరు ఎన్నేళ్ళుగా సేవలో ఉన్నారన్న లెక్క, చివరికి ఒకరు లేచి వెళ్ళి రేవు చివర ఒంటరిగా కూర్చున్నారు. నాకు కోపం కూడా రాలేదు. ఇంత దూరం సముద్రం దాటి వచ్చినా మనం వీటినే మోసుకొచ్చామని గుండె జారిపోయింది, అంతే. అమ్మతో అన్నాను, "చూశావా అమ్మా, ఇదీ మన విశ్వాసం." అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళను చూడ్డానికా నేనొచ్చింది?" అంది.

మర్నాడు గాలి తగ్గింది. పత్మాసు చాలా చిన్న ద్వీపం, విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లే. పడవ స్కాలా రేవులో ఆగుతుంది, పైన కొండ మీద ఖోరా అనే ఊరు, దాని నడినెత్తిన కోటలాంటి మఠం. 1088లో మొదలైన మఠమది, బయటినుంచి చూస్తే గోడలే. గుహ ఆ రెంటికీ మధ్య దారిలో ఉంది. బస్సు దిగి మెట్లు దిగాలి. అమ్మకి మోకాళ్ళు సహకరించవు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఆగి దిగింది. మాతో వచ్చినవాళ్ళంతా లోపలికి వెళ్ళి వచ్చేశాక మేము చేరాం. పెద్దలిద్దరూ అప్పటికే బయట చెరో వైపు నిలబడ్డారు. లోపల జనం ఎక్కువ, గట్టిగా మాట్లాడనివ్వలేదు, ఇద్దరిలో ఎవరూ ప్రార్థన నడిపించలేదు.

గుహ అంటే నేనేదో ఊహించుకున్నాను. చిన్న గుడిలో ఒక పక్క కిందికి వంగిన కొండరాయి, దీపాలు, రాతి కప్పులో మూడు పాయలుగా చీలిన పగులు. యోహాను తల ఆనించుకున్న చోటని ఒక గుంటకు వెండి అంచు కట్టారు. పైకి లేవడానికి చెయ్యి ఆనించిన చోటని ఇంకో చిన్న గుంట చూపిస్తారు. ఇవి వాళ్ళ సంప్రదాయంలో చెప్పుకునే మాటలు. రోమా చక్రవర్తి దొమితియను కాలంలో ఆయన్ని ఇక్కడికి పంపేశారన్నదీ పాతకాలం నుంచి వస్తున్న మాటే. ముసలివాడు, సంఘాలకు దూరంగా, సముద్రం మధ్యలో.

అమ్మ బల్ల మీద కూర్చుని తెలుగు బైబిలు తీసి, పెదవులు మాత్రమే కదిలేలా చదవడం మొదలుపెట్టింది. ప్రకటన ఐదో అధ్యాయం. పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు వినబడింది. సింహాసనం మీద ఉన్నవాడి కుడి చేతిలో గ్రంథం, ఏడు ముద్రలు, విప్పడానికి ఎవరు యోగ్యులని దూత అడగడం. పరలోకంలో లేరు, భూమి మీద లేరు, భూమి కింద లేరు. యోహాను బాగా ఏడ్చాడు. అక్కడ అమ్మ గొంతు ఆగింది.

చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు విన్న మాటే. కానీ ఏడు ఊళ్ళూ చూసొచ్చి ఆ రాతి కింద కూర్చుని విన్నప్పుడు తెలిసింది, ఆ ఏడుపుకి రెండు అధ్యాయాల ముందే ఆయన ఆ ఏడు ఉత్తరాలు రాశాడు. ఏడింటిలో ఐదింటికి గద్దింపులే. స్ముర్నకి, ఫిలదెల్ఫియకి మాత్రమే లేవు. అన్నీ తెలిసినవాడే ఏడుస్తున్నాడు. ఆయనకు వచ్చిన ఓదార్పు, ఇంకో మంచి సంఘం దొరుకుతుందిలే అని కాదు. ఏడవకు, యూదా గోత్రపు సింహం జయించాడు చూడు అన్నారు. చూస్తే అక్కడ నిలబడి ఉన్నది గొఱ్ఱెపిల్ల, వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల.

ఏడాదిన్నరగా నేను వెతుకుతున్నది భూమి మీదే. పాస్టరు గారిలో, పెద్దల్లో, ఆ తాళం వేసిన గుడిలో. ఎవరూ యోగ్యులు కారని తేలినప్పుడల్లా ఆ గొఱ్ఱెపిల్లే, క్రీస్తే ఓడిపోయాడని అనుకున్నాను. కానీ ఆయన్ని యోగ్యుడని పరలోకంలో వాళ్ళు పాడేది మా నడవడి చూసి కాదు. నీవు వధింపబడ్డావు, నీ రక్తంతో మనుషుల్ని కొన్నావు, అదీ ఆ పాటలో కారణం. ఆ పని అయిపోయింది. మా కోర్టు కేసు దాన్ని ఎక్కడ ముట్టుకోగలదు? పైగా ఆ పాట పాడేవాళ్ళూ పెద్దలే, ఇరవై నలుగురు. ముందు అధ్యాయంలో తమ కిరీటాలు తీసి సింహాసనం ముందు వేసినవాళ్ళు. రేవు చివర ఒంటరిగా కూర్చున్న ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది, నా మీద కూడా.

అమ్మ కళ్ళు తుడుచుకుని మిగతాది చదివింది. ప్రతి వంశం, ప్రతి భాష. చివర్లో నాలుగు జీవులూ ఆమెన్ అన్నాయి. నేనూ అన్నాను, పైకే. దీపం దగ్గర నిలబడ్డ సన్యాసి తిరిగి చూశాడు, కానీ ఏమీ అనలేదు.

అమ్మ పుస్తకం మూసి సంచి నాకిచ్చింది. "మోకాలు పట్టేసిందిరా, చెయ్యి ఇవ్వు" అంది. పక్కనే రాతిలో ఆ వెండి గుంట ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. మెట్ల మీద ఇద్దరం చాలాసేపు ఎక్కాం.