మంగళవారం, డయాలసిస్ రోజు

ఐదింటికే లేచాను. నాన్నకి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, అదీ మొదటి షిఫ్టు. మిషన్ పెట్టారంటే నాలుగు గంటలు. వెళ్ళగానే బరువు చూస్తారు, అయిపోయాక మళ్ళీ చూస్తారు. రెండు రోజుల్లో ఒంట్లో నీరు ఎక్కువ చేరిందంటే సిస్టర్ నాన్న వంక చూడదు, నా వంక చూస్తుంది. మజ్జిగ, కాఫీ, చారు అన్నీ కలిపి రోజుకి ముప్పావు లీటరు దాటకూడదన్నారు. బెజవాడలో అక్టోబరు ఉక్కపోతకి గొంతు ఎండిపోయి "ఒక్క గుక్క ఇవ్వవే అమ్మడూ" అని నాన్న అడుగుతుంటే లేదని చెప్పేది నేనే. అమ్మయితే జాలిపడి ఇచ్చేస్తుంది, అందుకని సీసా నా గదిలోనే పెట్టుకుంటాను. కన్న తండ్రికి మంచినీళ్ళు కొలిచి పోసే పని ఎవరికీ రాకూడదు.

ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల జుయ్యిమని అదురు తెలియాలి, తెలియకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పొద్దున్న చూస్తే చాలన్నారు గానీ నేను అర్ధరాత్రి కూడా లేచి నాన్న నిద్ర చెడకుండా పట్టుకుని చూస్తుంటాను, ఆ అదురు తగిలాకే నాకు మళ్ళీ నిద్ర పడుతుంది.

నాకు వెళ్ళిపోవాలని ఉంది. ఇంట్లో ఈ మాట అనలేను, ఇక్కడైనా రాసుకోనీ.

ఈరోజు కూడా వార్డు బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో రైళ్ళు చూశాను. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి వైజాగ్. రాత్రికి అక్కడే ఉండి, తెల్లారి కిరండూల్ పాసింజరు ఎక్కితే అరకు. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలట, ఒకటి దాటి వెలుగు చూసేలోపే ఇంకొకటి. అందరూ ఆ లోయలూ బొర్రా గుహలూ చూడ్డానికి వెళ్తారు, నాకు మాత్రం ఆ సొరంగాలే కావాలి, అక్కడ ఫోన్‌కి సిగ్నల్ ఉండదు కాబట్టి. ఎవరూ ఏదీ అడగలేని ఆ కాసేపు కిటికీ పక్కన కూర్చోవాలి. తర్వాత ఏం చేస్తానో, తిరిగొస్తానో లేదో అంతవరకూ ఆలోచన వెళ్ళట్లేదు.

మధ్యాహ్నం నాన్నని దింపి ఆటోనగర్లో కొట్టుకి వెళ్ళాను. డయాలసిస్ రోజుల్లో పూట జీతం కోస్తారు, పని మాత్రం అంతే ఉంటుంది, 20వ తేదీలోపు జీఎస్టీ రిటర్ను వెయ్యాలి కదా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దత్తయ్య వచ్చి కూర్చుంది, నాన్న కోసం కొబ్బరి బోండాలు పట్టుకుని. పొటాషియం ఎక్కువత్తయ్యా, ఆయనకి గుండె మీదికొస్తుంది, బంగాళాదుంపలు కూడా నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోశాకే పెడుతున్నాం అని చెప్తే నమ్మలేనట్టు చూసింది. వెళ్తూ వెళ్తూ "కొడుకైనా ఇంత చెయ్యడమ్మా, నువ్వు బంగారు తల్లివి" అని బుగ్గలు నిమిరింది. ఎంత ప్రేమగా అందో నాకు తెలుసు, అయినా ఒళ్ళు మండింది. బంగారు తల్లి అనేశాక ఇంక ఎవరూ ఒక్క శనివారం కూడా ఆస్పత్రికి రానక్కర్లేదు. నాకు మెప్పు వద్దు, ఒక మనిషి కావాలి.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకనీ కూతురనీ తేడా పెట్టలేదు, ఇద్దరిదీ బాధ్యతే అంది. అందులో నెలకి 10,000 రూపాయలు మించకుండా అని భరణానికి హద్దు కూడా రాశారు. అంతకు మించే డల్లాస్ నుంచి అన్నయ్య పంపుతున్నాడు, ఆ విషయంలో వంక పెట్టను. కానీ అర్ధరాత్రి లేచేది ఎవరు, నీళ్ళు లేవని చెప్పి ఆ మొహం చూడాల్సింది ఎవరు? ఇది ఏ చట్టంలోనూ ఉండదు, ఇంట్లో మేమే తేల్చుకోవాలి.

నాన్న మీద ప్రేమ లేక కాదు. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే "ఒక్క గుక్క" అన్నప్పుడు కసురుకునే మనిషిని అయిపోతానేమోనని భయంగా ఉంది. నిన్న గొంతు దాకా వచ్చింది ఆ కసురు.

రాత్రి అన్నయ్యకి వాట్సాప్‌లో పెట్టాను. "ఈసారి డబ్బు పంపకు అన్నయ్యా, సంక్రాంతికి నువ్వు రా, రెండు వారాలుండి నాన్నని చూసుకో, నేను ఊరెళ్తున్నాను." ఎక్కడికి, ఎవరితో, అంతా బాగానే ఉందా అని వరసగా అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. లీవు చూసుకుని చెప్తానన్నాడు. రాలేనంటే ఆ డబ్బుతోనే నర్సింగ్ తెలిసిన మనిషిని పెట్టిస్తాను, అమ్మ ఒప్పుకోకపోయినా సరే.

ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 18కి వెళ్ళాలంటే నవంబరు 19న తీసుకోవాలి. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.