పడని చెట్ల వార్త

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటుతున్నప్పుడు నేను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఇంట్లో, తలుపుకు రోకలి అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాను. అప్పటికి పదేళ్లుగా ఒక పత్రికకు మండల విలేకరిని. జీతం ఉండదు, అచ్చయిన వార్తను లైన్ల చొప్పున కొలిచి నెలాఖరుకు ఎంతో కొంత ఇస్తారు. ముందురోజు రాత్రి కరెంటు పోయేవరకు టీవీలో నేను చూసిన హిందీ, ఇంగ్లిష్ చానళ్ల వారందరూ ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలోనే ఉన్నారు. గోపాల్‌పూర్, కళింగపట్నాల మధ్య ఎక్కడైనా దాటవచ్చని వాతావరణ శాఖ చెప్పింది కనుక అందుకు వారిని తప్పు పట్టను. తుఫాను ఇటు తిరిగిన తరువాత కూడా వారిలో ఎక్కువమంది ఇటు తిరగకపోవడమే నా ఫిర్యాదు.

గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచి, మధ్యమధ్య 165 దాకా ఎగసిన గాలి తోటలతో నిండిన మా తీరప్రాంతం ఉద్దానాన్ని ఒక్క పూటలో మరో ప్రాంతంగా మార్చివేసింది. మా అరుగు మీద నిలబడితే ఏనాడూ కనిపించని సముద్రం ఆ ఉదయం కనిపించింది, ఎందుకంటే మధ్యలో ఉండవలసిన కొబ్బరి, జీడి, పనస తోటలు నేల మీద ఉన్నాయి. 2013లో ఫైలిన్‌నూ, 2014లో హుద్‌హుద్‌నూ చూసిన వాళ్లం కాబట్టి గాలికి భయపడడం మానేశామని అనుకునేవాళ్లం. ఆ ధీమా కూడా ఆ రోజే పోయింది.

ఫోన్ సిగ్నల్ లేదు. పడిన స్తంభాలనూ తీగలనూ దాటుకుంటూ, బండిని కొంత నడిపి, కొంత ఎత్తి అవతల పెట్టి, జాతీయ రహదారి చేరి, శ్రీకాకుళం వైపు వెళ్తూ సిగ్నల్ దొరికిన చోట ఆగి ఫొటోలు, వీడియోలు పంపాను. తోటి విలేకరుల గ్రూపులో కూడా పెట్టాను. ఆ రాత్రికి నా వీడియో ఒకటి మూడు చానళ్లలో మూడు లోగోలతో వచ్చిందని విశాఖలో ఉన్న మా బావ చెప్పాడు. నా పేరు ఎక్కడా లేదు. ఇంటి పెంకులు ఎగిరిపోయి, పిల్లలను బడి వరండాలో పడుకోబెట్టి వచ్చిన మనిషికి పేరు పట్టింపు ఉండకూడదంటారేమో. నాకు మాత్రం ఉంది.

మూడో రోజున ఒక చానల్ బృందం వచ్చింది. దారి చూపించమంటే వెంట వెళ్లాను. రహదారికి దగ్గరగా ఉన్న తోట చాలన్నారు. అక్కడ ఒక పెద్దావిడ కూలిన చెట్టు బోదె మీద చెయ్యి వేసి, "మా అయ్య ఏసిన సెట్టు బాబూ, దీని కాయలమ్మే నాకు పెళ్లి సేసినాడు" అంటూ ఏడ్చింది. అప్పటికి కెమెరా సిద్ధం కాలేదు. "అమ్మా, ఇందాక చెప్పిందే మళ్లీ ఒక్కసారి చెప్పండి" అని అడిగారు. ఆమె చెప్పింది, కానీ ఏడవలేదు. ఆ బైటు, అంటే ఆమె మాటల ముక్క, ప్రసారం కాలేదని తరువాత తెలిసింది.

ఆ తోటలోనే వారికి నేను చూపించాలనుకున్నది వేరు. పడిపోయిన చెట్ల మధ్య నిటారుగా నిలిచిన చెట్లు కొన్ని ఉన్నాయి. కింది నుంచి చూస్తే బాగానే ఉన్నట్లు కనిపిస్తాయి, కాని తల పైన మొవ్వు మెలితిరిగిపోయింది. కొబ్బరికి కొమ్మలుండవు, పెరుగుదలంతా ఆ ఒక్క మొవ్వులోనే. అది దెబ్బతింటే కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు చేరతాయి, ఆకులు ఒక్కొక్కటే వాలిపోతాయి, కొన్ని నెలలకు చెట్టు నిలువునా చచ్చిపోతుంది. ఈ సంగతి వివరించబోతే ఆ యువ విలేకరి మర్యాదగానే, "నిలబడి ఉన్న చెట్టును చూపిస్తే నష్టమని ఎవరు నమ్ముతారండీ" అన్నాడు. అతని మీద కోపం రాలేదు. అతన్ని అలా తయారుచేసి పంపిన డెస్కుల మీద, ఆఫీసులో కూర్చుని వార్తలు ఎంచి దిద్దేవారి మీద వచ్చింది. అటువంటి డెస్కు ఒకటి మా పత్రికలోనూ ఉంది. మొవ్వు గురించి నేను రాసిన వార్త జిల్లా ఎడిషన్‌లో ఒక మూల ఆరు లైన్లయింది. పై పేజీలన్నీ నాయకులవే.

ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పలాసలో మకాం వేసి సహాయ కార్యక్రమాలు చూశారు. ప్రతిపక్ష నేత జగన్‌మోహన్‌రెడ్డి అప్పుడు పొరుగున విజయనగరం జిల్లాలో పాదయాత్రలో ఉన్నారు. అంతే, స్టూడియోలకు కావలసిన వార్త దొరికింది: ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. తాగునీటి ట్యాంకరు ఏ ఊరికి రాలేదన్నది ఎవరికీ పట్టలేదు. మా దగ్గరకు వచ్చిన ఒక నాయకుడి కాన్వాయ్ రోడ్డు శుభ్రం చేసినంత మేర వచ్చి ఆగింది. నీళ్ల కోసం బిందెలతో నిలబడిన ఆడవాళ్లను నేను ఫొటో తీస్తుంటే అనుచరుడొకడు నన్ను పక్కకు పిలిచి, "వీళ్లు ఏ పార్టీ వాళ్లు?" అని అడిగాడు. మర్నాడు అవతలి పార్టీ వాడూ అదే అడిగాడు. వాళ్లిద్దరూ వెళ్లిపోతారు, ఆ బిందెల వాళ్లతో, ఆ పార్టీల వాళ్లతో రోజూ అదే టీ కొట్టు దగ్గర కలవవలసినది నేను. బయటివారికి అర్థం కాని ఇబ్బంది ఇదే.

కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయల పరిహారం ఇచ్చారు, ప్రభుత్వం మారాక దాన్ని 3,000 చేశారు. మా ఊళ్లో లెక్కకు వచ్చినవారు పడిన చెట్లను రాసుకున్నారు, మొవ్వు పోయినవి చాలావరకు జాబితాకెక్కలేదు. 2019 ఏప్రిల్ 11న, తుఫానుకు సరిగ్గా ఆరు నెలలకు, పోలింగు జరిగింది. వరుసలో నిలబడి చూస్తే బడి వెనక తోటలో తలలు వాలిన చెట్లు కనిపించాయి. ఆ రోజు మా మండలానికి చాలా కెమెరాలు వచ్చాయి.

ఆ తరువాత ఒక అక్టోబరులో హైదరాబాదు డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. తిత్లీ వచ్చి ఇన్నేళ్లయిన సందర్భంగా చిన్న కథనం కావాలట, పడిన చెట్టు ఫొటోతో. పడినవన్నీ ఏనాడో కట్టెలయ్యాయని చెప్పి, కొత్త మొక్కల మధ్య మొండిగా నిలిచిన ఒక తల లేని బోదెను తీసి పంపాను. మర్నాడు పత్రికలో 2018 నాటి ఫొటో వేశారు, పెద్దావిడ చెయ్యి ఆనించిన ఆ చెట్టుదే. నేను తీసిందే. కింద "ఫైల్ ఫొటో" అని ఉంది.