జడ్జిల పేజీ ఖాళీగా వదలకండి

అమెరికా పౌరసత్వం వచ్చాక, షికాగో ఉన్న కుక్ కౌంటీలో మొదటిసారి బ్యాలెట్ చేతికొచ్చింది. చివర్లో పదుల కొద్దీ జడ్జిల పేర్లు. ఒక్కొక్కరినీ ఇంకో ఆరేళ్లు కొనసాగించాలా, వద్దా అని ప్రశ్న. ఇండియాలో జడ్జిలను జనం ఎన్నుకోరు కదా, టెన్షన్ పట్టుకుంది.

అప్పుడే అక్కడి లాయర్ల సంఘం షికాగో బార్ అసోసియేషన్ జడ్జిలకిచ్చే రేటింగులు చదివాను. వాళ్ల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ముందు అభ్యర్థి పెద్ద ప్రశ్నావళి నింపాలి. తర్వాత కమిటీలోని లాయర్లు ఆయన పని దగ్గరగా చూసిన లాయర్లను, జడ్జిలను వాకబు చేస్తారు. చట్టం తెలుసా, ఓపిగ్గా వింటారా, టైముకి కోర్టుకి వస్తారా, పక్షపాతం ఉందా? ఇంటర్వ్యూ కూడా అయ్యాకే రేటింగ్. అసలు పరిశీలనకే రానంటే మాత్రం నేరుగా 'సిఫారసు చేయం' అని రాసేస్తారు, అది సబబే.

నల్లజాతి లాయర్లకు, మహిళా లాయర్లకు, ఆసియన్ లాయర్లకు వేరే సంఘాలున్నాయి, వాళ్లూ రేటింగులిస్తారు. అన్నీ పక్కపక్కన పెడితే, అందరూ వద్దన్న పేరు ఇట్టే కనబడుతుంది.

కొనసాగాలంటే 60 శాతం ఓట్లు రావాలి. 2018లో ఒక జడ్జికి అవి రాలేదు, 1990 తర్వాత అదే మొదటిసారి. మనవాళ్లూ ఆ పేజీ నింపండి. విడాకులైనా, అద్దె గొడవైనా, ట్రాఫిక్ కేసైనా రేపు వెళ్లేది వాళ్ల ముందుకే.