మహేంద్రగిరి చెవులకు, చిలికా కళ్లకు

పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో పక్షుల మీద మక్కువ ఉన్నవారు సైతం కొల్లేరుకో పులికాట్‌కో ప్రయాణం కడతారు గానీ, గజపతి జిల్లా కొండ అడవినీ, గంజాం నుంచి ఖుర్దా, పూరీ దాకా పరచుకున్న చిలికా సరస్సునూ కలిపి చూసిరావచ్చునన్న ఆలోచన చేయరు.

ఈ జనవరిలో మా బావగారూ నేనూ ముందు మహేంద్రగిరి ఎక్కాము. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద, తేమ నిలిచే లోయల్లో చెట్లు ఎంత దట్టంగా అల్లుకుని ఉంటాయంటే, చేరువలో ఉన్న పిట్ట కూడా ముందు వినపడుతుంది, ఆ తర్వాతే, అదీ అదృష్టముంటే, కనపడుతుంది. ఒక మలుపు దగ్గర ఒకే కొమ్మ నుంచి రకరకాల కూతలు వస్తుంటే ఆగి చూశాము. అన్నీ ఒక్క భీమరాజువే! నల్లగా నిగనిగలాడే ఒళ్లు, తోక నుంచి సన్నని తీగల్లా వేలాడుతూ చివర మాత్రమే వెడల్పయ్యే రెండు ఈకలు. ఇతర పక్షుల గొంతులను అనుకరించే ఈ పక్షి చిన్న పిట్టల గుంపుల వెంట తిరుగుతూ, అవి ఆకులు కదిపినప్పుడు లేచే పురుగులను గాలిలోనే అందుకుంటుంది.

చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో అంతా కళ్ల పనే. గెడ వేస్తూ నడిపే పడవలో కూర్చున్న మాకు అతి దగ్గరగా గాడ్విట్ అనే ఒక నీటి ఒడ్డు పక్షి తన పొడవాటి ముక్కును మొదలంటా బురదలో దింపింది. ముక్కు కొనకున్న స్పర్శతోనే అది పురుగును పసిగడుతుంది, ముక్కంతా తెరవకుండా కొనను మాత్రమే విప్పి పట్టుకుంటుంది.

అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 1981లో ఎక్కిన చిలికాలో, పూడిక వల్ల సముద్రపు నీటి రాకపోకలు తగ్గి, ఉప్పదనం పడిపోయి, కలుపు పెరిగిపోయింది. 2000లో కొత్త ముఖద్వారం తవ్వాకే సరస్సు తేరుకుంది. మంగళాజోడిలోనైతే ఒకప్పుడు పక్షులను వేటాడినవారే కాపలాదారులయ్యారు, నేడు యాత్రికులను పడవల్లో తిప్పి జీవిస్తున్నారు.

మహేంద్రగిరికీ అలాంటి ఏర్పాటు కావాలని నా గట్టి కోరిక. శివరాత్రికి వేలాదిగా కొండెక్కే మనవాళ్లు మైకులు మానాలి. చెవితోనే పోల్చుకోవలసిన అడవిలో మోత పెడితే, ఒక పక్షి పిలుపు మరొకదానికి చేరదు. ఆ కొండను ఎరిగిన సవర యువకులకు దారి చూపే పని అప్పగించి, అందుకు తగిన కూలి ఇవ్వాలి.