వారానికి మూడు రోజుల డాక్టరు

మొన్న తిరుపతి బైరాగిపట్టెడలో మా అమ్మోళ్ళ ఇంటి వాకిట్లో కూర్చోనుంటే పక్కింటి అత్త వచ్చి "ఏమ్మే, లండన్లో డ్యూటీ ఎట్లుండాది" అని అడిగింది. నేనుండేది యార్క్‌షైర్‌లో, అయినా మా వీధికి ఇంగ్లండంతా లండనే. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ గొంతు తగ్గించి "దానికి వారానికి మూడు రోజులే వదినా డ్యూటీ, పాప చిన్నది గదా" అనింది. ఏదో ఉద్యోగం ఊడిపోయిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది. మనసు చివుక్కుమనింది నాకు. తప్పు అమ్మది కాదు, నాక్కూడా మొదట్లో ఇట్లాగే సిగ్గుగా ఉండేది, అందుకే ఇది రాస్తున్నా. ముఖ్యంగా ఎస్వీ మెడికల్ కాలేజీ నుంచి ప్లాబ్ (బయటి దేశాల డాక్టర్లు బ్రిటన్లో పనిచేసేదానికి రాసే పరీక్ష) రాసి ఇంగ్లండుకు రావాలనుకుంటున్న చెల్లెళ్ళు చాలామంది మెసేజ్ చేస్తుంటారు, అందరూ పరీక్ష గురించి, జీతం గురించి అడుగుతారు, ట్రైనింగులోనే తక్కువ రోజులు పని చేసుకోవచ్చనే ఈ సంగతి మాత్రం ఒక్కరూ అడగరు.

నేనూ తిరుపతిలోనే చదివినా, ఇక్కడి రుయా ఆస్పత్రిలోనే హౌస్ సర్జన్సీ చేసినా. ప్లాబ్ రెండో పార్టు కోసం మాంచెస్టర్ పోయినా, తర్వాత రెండేళ్ళు ఏదో ఒక హాస్పిటల్లో పనిచేసి, 2022 ఆగస్టులో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, ట్రైనింగులో సీటొచ్చింది. మామూలుగా అది మూడేళ్ళు. అప్పటికి మా పాపకు 14 నెలలు. మా ఆయన ఆఫీసు లీడ్స్‌లో, మేం ఉండేది అక్కడికి గంటన్నర దూరంలో. అత్తా లేదు అమ్మా లేదు, పాపకు జ్వరమొస్తే ఇద్దర్లో ఎవురు లీవు పెట్టాలా అని రాత్రంతా లెక్కలు.

ఒక రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. సాయంత్రం నాలుగుంపావు, వార్డులో ఒకాయనకు ఊపిరాడటం లేదు, ఆక్సిజన్ పెట్టి రక్తం తీస్తా ఉన్నా, ఏబీజీ కోసం, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పరీక్ష. సూది మణికట్టులో ఉంది, జేబులో ఫోను వణుకుతానే ఉంది, ఆగుతుంది మళ్ళీ వణుకుతుంది, అది నర్సరీ నెంబరేనని నాకు తెలుసు, ఎందుకంటే ఆ టైములో ఇంకెవురూ చెయ్యరు. చెయ్యి కదలనియ్యలేదు. సిరంజిలోకి రక్తం ఎర్రగా ఎక్కేదాకా ఆగి, దూది అదిమిపట్టి, పేషెంటుకు పర్లేదని చెప్పి, అప్పుడు బయటికొచ్చి చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. పాపకు 39 డిగ్రీలు. నర్సరీ ఆరింటికి మూసేస్తారు, నా డ్యూటీ అయ్యేది తొమ్మిదిన్నరకు. ఆ రాత్రి మా ఆయన ట్రైను దిగి పరిగెత్తి పోయి తెచ్చుకున్నాడు పాపను. నేను ఇంటికొచ్చేసరికి నిద్రపోయింది, కాళ్ళకు బూట్లు కూడా తియ్యలేదు పాపం ఆయన.

మరుసటి రోజు వార్డులో కొట్టాయం నుంచి వచ్చిన ఒక నర్సు నా మొహం చూసి "మీరు ఎల్‌టీఎఫ్‌టీ ఎందుకు పెట్టుకోకూడదు డాక్టర్" అనింది. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. లెస్ దాన్ ఫుల్ టైమ్ ట్రైనింగ్ అని దాని పూర్తి పేరు. అంటే ట్రైనింగ్ మానేయకుండానే 80 శాతమో, 60 శాతమో, 50 శాతమో చేసుకోవచ్చు. మామూలుగా 50 కంటే తగ్గనియ్యరు, మరీ ప్రత్యేక పరిస్థితి అయితే తప్ప. ఎంత తగ్గిస్తే అంత సాగుతుంది ట్రైనింగు, అంతే, కొట్టేసేది ఏమీ లేదు. మూడేళ్ళ జీపీ ట్రైనింగ్ మొత్తం 60 శాతంలో చేస్తే ఐదేళ్ళు పడుతుంది. నేను మొదటి ఏడాది ఫుల్ టైమ్ చేసేసినా కాబట్టి మిగిలిన రెండేళ్ళు నాకు మూడేళ్ళ నాలుగు నెలలవుతాయి.

నేను పాపను చూపించి అడిగినా, కానీ ఇంగ్లండ్‌లో 2022 ఆగస్టు నుంచి ఏ స్పెషాలిటీ వాళ్ళైనా కారణం చెప్పకుండానే అడగచ్చు, నా బతుకు నాకు కావాలి అని చెప్తే చాలు. అంతకుముందు 2017లో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ప్రయోగంగా పెట్టారు దీన్ని, అక్కడి డ్యూటీలకు డాక్టర్లు నిలవడం లేదని. ఇది విన్నప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. మనుషులు నలిగిపోతున్నారని తెలుసుకొని వ్యవస్థే కొంచెం వంగింది కదా. నాతోపాటు చేసే ఒకబ్బాయికి పెళ్ళి కూడా కాలేదు, 80 శాతం తీసుకొని శుక్రవారాలు పియానో నేర్చుకుంటా ఉన్నాడు, వాణ్ని ఎవురూ ఏమీ అనలేదు.

అప్లికేషన్ మాత్రం కనీసం 16 వారాల ముందు పెట్టాల. ఇది రాసిపెట్టుకోండి, ఇంట్లో ఇబ్బంది వచ్చినాక అడుగుదాంలే అనుకుంటే నాలుగు నెలలు ఏడుస్తా కూర్చోవాల్సి వస్తుంది. పెట్టినంత మాత్రాన అడిగిన తేదీకే దొరకాలనీ లేదు, డిపార్టుమెంటులో ఖాళీ చూసుకుంటారు, ఒక్కోసారి ఒకే పోస్టును ఇద్దరు చెరో 60 శాతం పంచుకుంటారు, దాన్ని స్లాట్ షేర్ అంటారు.

మన వాళ్ళకు ఇంకో భయం వీసా. అది న్యాయమైన భయమే. పని తగ్గితే జీతం తగ్గుతుంది, కానీ వీసాకు పెట్టిన కనీస జీతం మాత్రం నీ గంటలతోపాటు తగ్గదు. అందుకే ఫారం నింపకముందే వీసాకు పూచీ ఇచ్చే సంస్థకు, అంటే స్పాన్సర్‌కు రాసి, నా జీతం ఇంతకొస్తుంది సరిపోతుందా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, ఫ్రెండ్ చెప్పింది, వాట్సాప్‌లో ఎవురో చెప్పారు అని కూర్చోవద్దు. నేను రెండుసార్లు ఈమెయిల్ చేసి, జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నా.

డబ్బు సంగతి దాచను. 60 శాతం పనికి 60 శాతం జీతం, పరీక్ష ఫీజు మాత్రం వందకు వంద శాతం. ఎల్‌టీఎఫ్‌టీ వాళ్ళకని ఏడాదికి వెయ్యి పౌండ్ల అలవెన్సు ఇస్తారు, అది ఖర్చులకు కాస్త ఆసరా. మేం రెండేళ్ళు ఇండియాకు రాలేదు, తిరుపతిలో ఇంటి లోను కంతులు మా నాయన పెన్షన్లో నుంచి కట్టినాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఇంకొకటి, పేపరు మీద 60 శాతం అయిన వెంటనే బతుకు 60 శాతం అయిపోదు. మొదటి రోటా, అంటే డ్యూటీల పట్టిక, వచ్చినప్పుడు నాకు పది నైట్‌లు వేశారు, ఫుల్ టైమ్ వాళ్ళకూ పదే. నాకు రావాల్సింది ఆరు. ఏ హాస్పిటల్ అన్నది వద్దులే. ముందు, అడిగితే ఏమనుకుంటారో అని రెండ్రోజులు ఊరికే ఉండిపోయినా, మనకు చిన్నప్పటినుంచి పెద్ద డాక్టర్ల ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేదు కదా. ఆ తర్వాత కాగితం మీద లెక్కేసి, ఫ్లెక్సిబుల్ ట్రైనింగ్ ఛాంపియన్ అని ఇట్లాంటి వాటికోసమే ఒక డాక్టరు ఉంటారు, ఆమె దగ్గరికి పోయినా. రెండు వారాల్లో నాలుగు నైట్‌లు తీసేశారు. ఎవురూ కోపం చేసుకోలేదు. రోటా డ్యూటీకి ఆరు వారాల ముందే చేతికి రావాలనేది అక్కడి పద్ధతి, కాబట్టి వచ్చిన రోజే కూర్చోని లెక్కపెట్టుకోండి.

ఈసారి తిరుపతికొచ్చినాక నా క్లాస్‌మేటు ఒకతి కలిసింది. బ్యాచ్‌లో మాకందరికంటే చేతిలో పనితనం ఉన్న పిల్ల, హౌస్ సర్జన్సీలో ప్రసూతి ఆస్పత్రి పోస్టింగప్పుడు సీనియర్లు దాన్నే పిలిచేవాళ్ళు. గైనిక్‌లో పీజీ సీటు కూడా తెచ్చుకునింది. రెండో ఏడాదిలో బిడ్డ పుట్టినాక, 36 గంటల డ్యూటీలు, పాలు గడ్డకట్టి జ్వరాలు, మూడు నెలలు లాగి చూసి సీటు వదిలేసింది. కాలేజీని అనేదానికి లేదు, మన దేశంలో రూలే అట్లుంది, పీజీ అంటే ఫుల్ టైమ్ రెసిడెంటే, సగం చేస్తా కానీ ఎక్కువ రోజులు చేస్తా అనడానికి దారే లేదు. 12 గంటలకు మించి ఏకధాటిగా డ్యూటీ వెయ్యకూడదని 1992లోనే కేంద్రం రెసిడెన్సీ స్కీములో రాసిపెట్టింది, అది కాగితంలోనే ఉంది. అట్లా ఒక మంచి గైనకాలజిస్టును పోగొట్టుకున్నాం మనం. ఇప్పుడు చంద్రగిరి వైపు చిన్న క్లినిక్ పెట్టుకొని జ్వరాలు, దగ్గులు చూసుకుంటా ఉంది. ఆ పని తక్కువని కాదు, కానీ దాని చేతులు చెయ్యాల్సిన పని వేరే.

వాకిట్లోనే అమ్మ చెనిక్కాయలు ఉడకబెట్టి ఇస్తే ఒలుచుకుంటా కూర్చున్నాం. ఆ క్లాస్‌మేటు నా రోటా చూపించమనింది. ఫోన్లో తీసిచ్చినా. సోమ, మంగళ, గురువారాల గళ్ళకు రంగు, బుధ శుక్రవారాలు తెల్లగా ఉంటాయి. వేళ్ళతో పెద్దది చేసి ఆ తెల్ల గళ్ళ మీద వేలు పెట్టి "ఈ రోజుల్లో ఏం చేస్తావే" అని అడిగింది.

"పాపను తీసుకొస్తా, వంట చేస్తా, పరీక్షకు చదువుకుంటా" అన్నా.

కాసేపు ఏం మాట్లాడలేదు. "అప్పుడు నాకు ఇట్లాంటివి రెండు గళ్ళు ఇచ్చినా చాలు గదే" అనింది. ఇంతలో క్లినిక్‌లో కాంపౌండరు ఫోన్ చేసినాడు, ఆరుమంది కూర్చోనున్నారంట, కొంగుకు చెయ్యి తుడుచుకొని, స్కూటీ స్టార్ట్ చేసుకొని పోయింది.