నాకౌట్ నమూనాలోనూ అదే గీత

మూడు నెలలుగా నేను నమ్ముకున్న గీత ఇవాళ తప్పని తేలింది. చిట్టెలుక మెదడులో డోపమైన్ డి2 రిసెప్టర్‌ను (డోపమైన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) వెస్టర్న్ బ్లాట్‌తో చూస్తున్నాను. అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ అనే పలుచటి పొర మీదకు ఎక్కించి, కావలసినదాన్ని యాంటీబాడీతో గీతగా పట్టుకోవడం. 50 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర చక్కటి గీత, ప్రతిసారీ అక్కడే. ఈరోజు ఆ రిసెప్టర్ జన్యువే లేని నాకౌట్ చిట్టెలుక నమూనాను పక్కన వేసి నడిపాను. అందులోనూ అదే గీత! అంటే నా యాంటీబాడీ పట్టుకుంటున్నది ఇంకేదో ప్రోటీన్‌ను.

చాలాసేపు ఆ మెంబ్రేన్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

యాంటీబాడీ గుర్తించే చిన్న ప్రోటీన్ ముక్కను (పెప్టైడ్) ముందే దానికి కలిపి అడ్డుకుంటే గీత మాయమైందన్న ధైర్యంతో ఉన్నాను ఇన్నాళ్లూ. కానీ పెప్టైడ్ అడ్డుపడితే ఆ యాంటీబాడీ తప్పు ప్రోటీన్‌కు కూడా అంటుకోదు కదా! ఆ పరీక్ష దేన్నీ రుజువు చేయలేదు. ఈ రిసెప్టర్లు కణపొరను 7 సార్లు దాటుతాయి, ఉండేదే తక్కువ, పైగా డి3 అనే మరో డోపమైన్ రిసెప్టర్‌తో బాగా పోలిక. నమూనాను 95 డిగ్రీల్లో వేడిచేస్తే ముద్దకట్టి జెల్ పైభాగంలోనే ఆగిపోవచ్చు కూడా. అందుకే ఇక 37 డిగ్రీల్లోనే వెచ్చబెడుతున్నాను.

పాత ఫలితాలన్నీ పక్కన పెట్టేశాను. నాకౌట్‌లో గీత రాని డి2 యాంటీబాడీ మీలో ఎవరైనా వాడుతుంటే దయచేసి చెప్పండి, మీ బ్లాట్ ఫోటోతో సహా.